పిల్లి ధర

ఆ రోజు సాల్కినై పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం కేకు కోసం వచ్చే నార్గుల్‌కు తల దించుకోకుండా "తొమ్మిది వందల సోమ్‌లు" అని చెప్పాలి. పొద్దున్నే అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకుంది. మొదటిసారి ఎనిమిది వందలంది. రెండోసారి నోట్లోంచి ఏడు వందలే వచ్చింది.

అరచేతిలో పట్టేంత కేకు చేసి, అడిగిన మాట దానిమీద క్రీముతో రాసివ్వడం ఆమెకు నీళ్లు తాగినంత సులువు. ధర చెప్పడమే చావుకొచ్చేది. వాళ్ల ఊరు నారిన్‌లో ఆమె దగ్గర కేకు చేయించుకునేవాళ్లంతా చుట్టాలు. చుట్టాల దగ్గర గుడ్లకూ వెన్నకూ పట్టిన డబ్బు తీసుకోవచ్చు గానీ, చేతి కష్టానికి కూడా పుచ్చుకుంటే ఏడు తరాలు చెప్పుకుంటారు. భర్త కుబత్ మూడేళ్లుగా దూరదేశంలో, మంచు నగరం యాకుత్స్క్‌లో గోడలు కడుతున్నాడు. "నీ కేకులతో ఇల్లు గడిచిన రోజు వచ్చేస్తా" అని చెప్పి వెళ్లాడు. అందుకని తక్కువ ధర చెప్పిన ప్రతిసారీ అతను మరికాస్త దూరం జరిగినట్టు ఉండేది ఆమెకు.

నార్గుల్‌ది మందుల షాపు. అదృష్టం కొద్దీ చుట్టం కాదు. చలికాలమంతా కనబడకుండా పోయిన ఆమె పిల్లి ఇల్లు చేరింది, ఆ సంబరానికే ఈ కేకు. ఏం రాయాలో సాల్కినైకే వదిలేసింది. సాల్కినై పిల్లి గురించే ఆలోచించడం మొదలుపెట్టింది. తీరా చూస్తే ఎర్ర క్రీముతో "వచ్చేశావు. ఇంకేం వద్దు" అని రాసేసి, ముక్కు ఎగబీలుస్తూ కూర్చుని ఉంది.

అప్పుడే పక్కింటి బురుల్ ఉప్పు కోసం వచ్చింది. కేకు చూసింది. ఏడ్చిన కళ్లు చూసింది. "ఎవరికే ఇది?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ శుభవార్త ముందుగా మోసుకొచ్చిన మనిషికి సుయుంచు అని కానుక ఇచ్చే చోట, నిలబడి ప్రశ్నలేసేవాళ్లకు మిగిలేదేమీ ఉండదు. బురుల్ ఉప్పు గిన్నె అక్కడే పడేసి, వీధి చివరనున్న సాల్కినై అత్తగారింటికి పరుగు తీసింది.

"సుయుంచు! సుయుంచు! కలీచా పెద్దమ్మా, నీ కొడుకొచ్చేస్తున్నాడు!"

కలీచా భుజం మీది కొత్త శాలువా తీసి ఆమెకు కప్పేసింది. ఆ వెంటనే తమ్ముణ్ణి పిలిచి గొర్రెను కోయించింది. మధ్యాహ్నానికల్లా మాంసం గిన్నెలతో, కింద పరిచే దుప్పట్లతో, చుట్టాలతో సాల్కినై ఇల్లు నిండిపోయింది.

"అత్తయ్యా, మీరు పొరపడ్డారు. అది పిల్లి కోసం చేసిన కేకు!"

"దాచుకోవే తల్లీ, దాచుకో. నీ వయసులో నేనూ ఇలాగే సిగ్గుపడ్డాను," అంది కలీచా. "మొగుణ్ణి పిల్లంటోంది, ఈ కాలం పిల్లలు!" అని వెనకాల ఎవరో నవ్వారు. తర్వాత సాల్కినై ఎంత గింజుకున్నా, ఆ మాటకు నవ్వడమే తప్ప నమ్మినవాళ్లు లేరు.

మాంసం వడ్డించారు. వయసును బట్టి, వరసను బట్టి ఎవరి ఎముక వాళ్లకు వెళ్లింది. కొడుకు వాటా ఎముకను కలీచా ఖాళీ చోట పళ్లెంలో పెట్టి, పక్కనే కేకు ఉంచింది. మాటిమాటికీ తలుపు వైపు చూస్తోంది. అబద్ధమని తెలిసినా సాల్కినై కూడా తలుపు వైపే చూస్తోంది.

తలుపు తెరుచుకుంది. వచ్చింది నార్గుల్.

"అయ్యయ్యో, ఇంత హడావుడి చేశారా!" అంటూ ఆమె పళ్లెం దగ్గర చతికిలబడింది. "మా పిల్లికి మాంసం కూడా పెట్టారా!"

బురుల్ శాలువాను ఇంకాస్త గట్టిగా చుట్టుకుంది.

"అయితే నా కొడుకు రావడం లేదా?" అంది కలీచా.

"లేదత్తయ్యా. అతను రావాలని నాకూ ఉంది. అందుకే చెయ్యి అలా రాసేసింది."

అంతలో గొర్రెను కోసిన కుబత్ మేనమామ ఫోను మోగింది. ఆయన పొద్దున కుబత్‌కు గొర్రె ఫోటో పంపాడు. తెరమీద మంచు పట్టిన టోపీతో కుబత్.

"మామా, నేనొచ్చానని విందు చేస్తున్నారట. నాకొక మాట చెప్పకూడదూ?"

సంగతంతా విని పడీపడీ నవ్వాడు. ఖాళీ చోట అతని వాటా పళ్లెం చూపించగానే నవ్వు ఆగిపోయింది. సాల్కినైని పిలిచి, "ఆ కేకు ఎంతకిస్తున్నావు?" అన్నాడు.

"తొమ్మిది వందలు." ఈసారి తడబడలేదు. నార్గుల్ అప్పటికే పర్సు తీసి, బేరమాడకుండా లెక్కపెడుతోంది.

"మరి మనవాళ్ల దగ్గర?"

"గుడ్ల డబ్బులు."

"పిల్లికున్న పాటి మర్యాద మన చుట్టాలకు లేదన్నమాట. వాళ్లూ పిల్లి ధర ఇస్తే నాకిక్కడ ఈ గోడలెందుకు?"

చుట్టాలందరికీ ఒక్కసారిగా పైకప్పు మీద ఆసక్తి పుట్టింది. కలీచా లేచి నిలబడింది.

"విన్నారుగా? ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో కేకు పిల్లి ధరకే. నాక్కూడా అంతే." అని, కొడుకు వాటా ఎముకను గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టింది. ఆ సీజనంతా పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ చుట్టాలు గొణుక్కుంటూనే పిల్లి ధర ఇచ్చారు.

వేసవి విందులు ముగిసేసరికి కుబత్ నిజంగానే వచ్చాడు. పిండి చేతులతోనే సాల్కినై అతని కోటు పట్టుకుంది, ఎంతసేపటికీ వదల్లేదు. తినడానికి బల్లమీద అలాంటి కేకే, దానిమీద అదే మాట. బురుల్ గుమ్మంలోకొచ్చి సుయుంచు అడిగితే, "ముందే పుచ్చుకున్నావుగా" అని కలీచా శాలువా వైపు చూపించింది.

ఆ సాయంత్రమే నార్గుల్ వచ్చి, పిల్లి మళ్లీ పారిపోయిందని, అది తిరిగొచ్చే రోజుకు పనికొస్తుందని ఇంకో కేకు చెప్పి, డబ్బు ముందుగానే ఇచ్చి వెళ్లింది.