పిడికెడు బియ్యంలో సెల్లు

శుక్రవారం పొద్దున ప్రసన్నకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పాలి, అన్నాల గంట తర్వాత ఆఫీసు గదిలో కుర్చీలు వేయించాలి, సాయంత్రం కమిటీ వాళ్ల ముందు గొంతు వణకకుండా మాట్లాడాలి. గండికోట దారిలోని ఆ మిషన్ హైస్కూల్లో ఆమె చాలాకాలంగా ఇన్‌ఛార్జి హెడ్మిస్ట్రెస్. ఆ ఇన్‌ఛార్జి అన్న మాట తీసేయాలో, ఆమెనే తీసేయాలో ఆ సాయంత్రం తేల్చేస్తారు.

వచ్చిన చిక్కల్లా ఆమె పెట్టిన రూలుతోనే. ఊరికి సెల్ టవరు వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే పిల్లలు ఇంట్లోవాళ్ల సెల్లులు సంచుల్లో వేసుకొచ్చి బల్లల కింద పాము ఆట ఆడుతున్నారు. తరగతిలో సెల్లు కనబడితే లాక్కుంటాననీ, సాయంత్రం తల్లిదండ్రుల చేతికే ఇస్తాననీ ఆమె అందరి ముందూ ప్రకటించేసింది. స్కూలు కరస్పాండెంటూ చర్చి పాస్టరూ అయిన దావీదురాజు అయ్యగారు గడ్డం నిమురుకున్నాడు.

"మంచిదేమ్మా. కానీ ఎవురిదన్నా ఒక్క సెల్లు పోయిందనుకో, ఆ రూలూ ఉండదు, నీ కుర్చీ సంగతి నేను చెప్పలేను" అన్నాడు.

ఆ రోజు బీజగణితం మధ్యలో మూడో వరుస నుంచి మోగనే మోగింది. లేచి నిలబడింది శ్రీవాణి, బియ్యం అంగడి నాగసుబ్బయ్య శెట్టి కూతురు. శెట్టిగారు అంగడికి మాత్రమే శెట్టి కాదు, స్కూలు కమిటీలో తల్లిదండ్రుల తరఫు మెంబరు కూడా.

"ఇట్లియ్యి."

"మా నాయనకు తెలీకుండా తెచ్చినా మేడం. సాయంత్రం వస్తాడు, చెప్పొద్దండి మేడం" అంది ఆ పిల్ల, ఏడుపు ఒక్కటే తక్కువగా.

సెల్లును ఆఫీసు గదికి తెచ్చిందే గానీ, దాని నోరు మూయించడం ఎలాగో ప్రసన్నకుమారికి తెలీదు. ఆమెకు సెల్లు లేదు, ఏనాడూ ఉండలేదు. అది బల్ల మీద వణుకుతూ మళ్లీ మోగింది. బీరువాకు తాళం లేదు. అవతల తరగతిలో అల్లరి మొదలైంది. ఏం చేయాలో తోచక చుట్టూ చూస్తే మూలన బియ్యం డబ్బా కనబడింది.

అది చర్చి సంఘంలోని ఆడవాళ్ల డబ్బా. ఇంట్లో అన్నం వండిన ప్రతిసారీ దేవుని పేరున పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం తెచ్చి అందులో పోస్తారు. చర్చి కప్పు కారుతోందని దాన్ని ఆఫీసు గదిలో పెట్టారు. ప్రసన్నకుమారి వాళ్లమ్మ కమ్మలైనా, బీరువా తాళంచెవులైనా బియ్యంలోనే దాచేది. ఇంకేం ఆలోచించకుండా ఈమె కూడా మోచేతి దాకా చెయ్యి దూర్చి సెల్లును అడుగున పెట్టింది. మోత ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని చేతులు దులుపుకుని క్లాసుకు పోయింది.

అన్నాల గంట తర్వాత వచ్చి చూస్తే డబ్బా వరండాలో బోర్లించి ఉంది. పక్కన విశ్వాసమ్మ, ఆడవాళ్ల సంఘం పెద్ద, చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, బియ్యం యాడికి పోయినాయి?"

"కమిటీ వస్తాండారు, గది శుబ్రంగా ఉండాలని నువ్వే అంటివి కదమ్మా. మూటగట్టి మన బంట్రోతు నెహెమ్యాతో అంగడికి పంపించినా. నెలనెలా అమ్మేటియే కదా."

"ఎవురి అంగడికి?"

"ఇంకెవురికి, నాగసుబ్బయ్య శెట్టికే."

తల్లిదండ్రుల చేతికే ఇస్తానన్న మాట ఈ విధంగా నిలబడుతుందని ప్రసన్నకుమారి కలలో కూడా అనుకోలేదు. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బజారు వైపు పరుగెత్తింది.

అంగడిలో తక్కెడ పక్కనే మూట విప్పి ఉంది. నాగసుబ్బయ్య అప్పుడే కునుకు తీసి లేచినట్టు హాయిగా ఉన్నాడు.

"ఏం మేడం, ఇంత ఎండలో వచ్చినారు?"

"ఆ మూట నాక్కావాల శెట్టిగారూ. మొత్తం."

"అవి మీ పిడికెడు బియ్యమే కదా మేడం. సన్నవి, దొడ్డువి, రేషను స్టోరు బియ్యం, అన్నీ కలిసుండాయి. మీరేం తింటారు, మంచివి ఇస్తా ఉండండి."

"నాకు అవే కావాల."

"ఏముండాది వాటిల్లో?"

ఏముందో చెప్తే కొంప మునుగుతుంది. "ప్రార్థన చేసిన బియ్యం కదా" అని ఆమె నోటికొచ్చింది చెప్పింది. అది అబద్ధం కూడా కాదు.

వెనకనుంచి అలివేలమ్మ అనే ముసలావిడ ముందుకొచ్చింది. "ప్రార్థన చేసినవా? మా మనవనికి జరం తగ్గకుండా ఉండాది. నాకు రెండు కేజీలు పోయప్పా." ఆవిడ వెనక ఇంకో ఇద్దరు సంచులు తెరిచారు. ఆ కలగూర బియ్యానికి ఇంత గిరాకీ శెట్టిగారు పుట్టాక చూడలేదు. వద్దు వద్దని ఈమె అంటున్నకొద్దీ ఆయన చేటతో సంచుల్లో పోసే వేగం పెరిగింది. ప్రసన్నకుమారి కళ్లు మూసుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ మూటలోకి రెండు చేతులూ దూర్చి వెతికింది. చూసేవాళ్లకు మాత్రం ఆమె ఆ బియ్యానికి ఇంకోసారి ప్రార్థన చేస్తున్నట్టే ఉంది.

అంతలో అలివేలమ్మ సంచి మోగింది.

అలివేలమ్మ సంచిని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, "శెట్టీ, బియ్యం మోగతాండాయి" అంది నెమ్మదిగా. తర్వాత సంచిని కింద పెట్టి దండం పెట్టింది.

నాగసుబ్బయ్య అందులో చెయ్యి పెట్టి సెల్లు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నాది. పొద్దున్నుంచి కనపల్యా. మీ బియ్యంలోకి ఎట్లొచ్చె మేడం?"

శ్రీవాణి ఏడుపు మొహం ఆమె కళ్ల ముందు కదిలింది. ఆ వెంటనే తన కుర్చీ కూడా. "సాయంత్రం అందరి ముందరే చెప్తాను" అని మాత్రం అనగలిగింది. స్కూలుకు తిరిగొచ్చే దారంతా రాజీనామాలో ఏం రాయాలా అని ఆలోచిస్తూనే వచ్చింది.

సాయంత్రం కమిటీ ముందు నిలబడి జరిగిందంతా చెప్పేసింది. గొంతు వణకకూడదనుకుంది గానీ వణికింది. "తప్పు నాది. పాపను ఏమీ అనొద్దండి శెట్టిగారూ" అని కూర్చుంది. దావీదురాజు అయ్యగారు తల పట్టుకున్నాడు. నాగసుబ్బయ్య లేచాడు. ఇక అయిపోయిందనుకుని ఆమె నేల చూపులు చూసింది.

"నేనొక మాట చెప్తా. పొద్దున సెల్లు కనపడక పిచ్చి పట్టినట్లాయ. తర్వాత చూస్తే, నన్ను పిలిచేవాడే లేడు. ఎన్నేండ్లకో మధ్యాన్నం ఇంటికి పోయి వేడన్నం తిన్నా. మా ఇంటామె నాతో మాట్లాడింది. కునుకు కూడా తీసినా. నాకే ఇంత సుకంగా ఉంటే, చదువుకునే పిల్లోళ్లకు ఎంతుండాల? రూలు ఉండాల. ఈయమ్మ గూడా ఉండాల."

ఎవరూ కాదనలేదు. ఇన్‌ఛార్జి అన్న మాట ఎగిరిపోయింది. ప్రసన్నకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. శెట్టిగారు అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

"ఒకటే కొరత అయ్యగారూ. పిల్లోళ్ల కాడ సెల్లు లేకపాయ. అవసరమొస్తే మేం ఎవురికి చెప్పాల? హెడ్మిస్ట్రెస్‌కు ఒక సెల్లుండాల. కమిటీ తరఫున నేనే కొనిస్తా."

శనివారం దండ వేసి సెల్లు చేతిలో పెట్టారు. పచ్చ మీట నొక్కితే మాట్లాడొచ్చని నెహెమ్యా నేర్పించాడు. సోమవారం బీజగణితం మధ్యలో, తొమ్మిదో తరగతి శ్రద్ధగా వింటున్నప్పుడు, బల్ల మీదున్న ఆమె చేతిసంచి మోగింది. పిల్లలందరూ మొదట సంచి వైపు, ఆ తర్వాత ఆమె వైపు చూశారు. ఆమె సెల్లు బయటికి తీసి పచ్చ మీట నొక్కింది.

"ఏంల్యా మేడం" అన్నాడు నాగసుబ్బయ్య అవతలినుంచి. "కొత్త సెల్లు కదా, మోగతాండాదా లేదా చూద్దామని చేసినా."

"మోగతాండాది శెట్టిగారూ" అని చెప్పి, లెక్కల టీచరు ప్రసన్నకుమారి హెడ్మిస్ట్రెస్ సెల్లును లాక్కుంది.