ఎడం బెంచీ

సంఘాలన్నీ మనుషులు ఒకచోట చేరడానికి పుడతాయి. ఒకరి దగ్గరికి ఒకరు రాకుండా ఉండడానికే పుట్టిన సంఘం ఒక్కటే, అది నౌపడలో పుట్టింది. రిజిస్టరైన పేరు 'సిస్టిక్ ఫైబ్రోసిస్ బాలల ఆసుపత్రి సేవల మెరుగుదల సంఘం'. (ఆ పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగినవాడికి ఆ జబ్బు లేనట్టే లెక్క.) ఊళ్ళోవాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది! ఉప్పుపిల్లల సంఘం అని ఊరుకున్నారు.

ఆ సంఘానికి కార్యదర్శి సుధారాణి. మొగుడు ఢిల్లీబాబు ఉప్పు మడుల్లో పనిచేస్తాడు. కూతురు భవ్యశ్రీకి ఆరేళ్ళు. పిల్లకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ దగ్గే. తిన్నది ఒంటికి పట్టదు. పైగా ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగులుతుంది. ఈ ఉప్పు సంగతి సుధారాణి కనపడ్డ డాక్టరుకల్లా చెప్పింది.

"ఏ ఊరమ్మా మీది?"

"నౌపడండి."

"నౌపడ పిల్ల ఉప్పగా ఉండక తియ్యగా ఉంటుందా?"

వైద్యశాస్త్రం అక్కడితో ముగిసేది. దగ్గుమందు రాసి, చమత్కారానికి తామే నవ్వుకుని పంపించేవారు. చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ నవ్వకుండా వింది. చెమట పరీక్ష చేయించి జబ్బు పేరు చెప్పింది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తుంది, రోజూ వీపు తట్టి తీయాలి, అన్నం తిన్నప్పుడల్లా అరుగుదల క్యాప్సూళ్ళు వేయాలి అంది. లేచి వచ్చేస్తుంటే ఇంకో మాట చెప్పింది.

"ఈ జబ్బున్న ఇంకో పిల్ల పక్కన మాత్రం మీ పాపని కూర్చోబెట్టకండి. మామూలు మనుషుల్ని ఏమీ చేయని క్రిములు వీళ్ళ ఊపిరితిత్తుల్లో మకాం వేస్తాయి. ఒకరి నుంచి ఒకరికి పాకితే మళ్ళీ వదిలించలేం."

'ఇంత దిక్కుమాలిన జబ్బు మా జిల్లాలో ఇంకెవలికి ఉంటాది' అనుకుంది సుధారాణి. ఉంది. పలాస జీడిపప్పు వ్యాపారి గణపతిరావుగారి మనవడు హేమంత్‌కి ఉంది. వాడికి పదకొండేళ్ళు, ఆ మొండి క్రిమి కూడా వాడిలో అప్పటికే మకాం వేసింది. పోనీ, పలాస ఎక్కడ, నౌపడ ఎక్కడ అనుకుందామా? ఇద్దరికీ క్యాప్సూళ్ళు ఇచ్చేది ఒకే చోట, ఉద్దానం ఉమ్మడి ఆసుపత్రిలో. ఇద్దరూ రావలసింది ఒకే రోజు, బుధవారం. కూర్చోవలసింది ఒకే వరండాలో. అన్నీ ఉమ్మడిగా జరిపించడంలో ఆ ఆసుపత్రి పేరుకి తగ్గదే.

ఒక బుధవారం హేమంత్ జేబులోంచి వేయించిన జీడిపప్పు తీసి, "తింటావా?" అని భవ్యశ్రీ మీదికి వంగి, గట్టిగా దగ్గాడు. వాడి తాత చేతిలోనూ అవే క్యాప్సూళ్ళు చూసి, సుధారాణి పిల్లని చటుక్కున లాక్కుని వరండా దిగి పరిగెత్తింది. పెద్ద ఇంటి పిల్లాణ్ణి చూసి అలా పరిగెత్తడం ఏ లెక్కన చూసినా మర్యాద కాదు. గణపతిరావు ఆమె వెనకే గేటు దాకా వచ్చాడు. తిడతాడేమోనని ఆమె పిల్లని కొంగు చాటున దాచింది.

"భయపడకమ్మా. మా వోడికీ అదే సెప్పారు. తప్పు నీది కాదు, నాదీ కాదు. పిల్లల్ని దూరంగా ఉంచమని ఆసుపత్రోల్లకి మనవే సెప్పాలి. ఒక్కలు సెప్తే ఇనరు, సంఘం పెడదాం."

అలా సంఘం పుట్టింది. గణపతిరావు అధ్యక్షుడు. చుట్టాలూ పక్కాలూ సభ్యులు. అధ్యక్షుడు పలాసలో సెల్‌ఫోను పట్టుకుని, కార్యదర్శి నౌపడ రైల్వేగేటు దగ్గర రూపాయి ఫోను పట్టుకుని సర్వసభ్య సమావేశాలు జరిపేవారు. రూపాయి అయిపోతే సమావేశం వాయిదా పడేది.

సంఘం మొదటి విన్నపం సుధారాణే రాసింది. పదో తరగతి చదివిన గుండ్రటి చేతిరాతతో, ఉన్న విషయం ఉన్నట్టు రాసింది: 'మా పిల్లలను ఎడంగా కూర్చోబెట్టవలసిందిగా ప్రార్థన.'

ఈ విన్నపం రోగుల సౌకర్యాల విభాగానికి వెళ్ళింది. దాని అధిపతి కూర్మనాథంగారు చెడ్డవారు కారు. తన బల్ల మీదికి వచ్చిన ఏ కాగితాన్నీ అర్థం చేసుకోకుండా వదిలేవారు కారు, అదే వచ్చిన చిక్కు. 'ఎడంగా' అన్న మాట కింద ఎర్రగీత గీసి ఆలోచించారు. ఎడం చెయ్యి అంటే ఎడమ చెయ్యి. ఎడం కన్ను అంటే ఎడమ కన్ను. కాబట్టి ఎడంగా కూర్చోబెట్టడం అంటే ఎడమవైపు కూర్చోబెట్టడం. రోగుల విశ్వాసాలను విభాగం గౌరవించాలని ఆయన పక్కన రాశారు.

తర్వాత వచ్చిన ప్రశ్న చాలా లోతైనది. ఎడమ అంటే ఎవరి ఎడమ? లోపలికి వచ్చే రోగి ఎడమా, బయటికి పోయే రోగి ఎడమా? దీని మీద ఒక ఉపసంఘం కూర్చుంది. బయటికి పోయే రోగికి ఇక కూర్చునే పని ఉండదు కాబట్టి లోపలికి వచ్చేవాడి ఎడమే ప్రమాణమని తేల్చింది. (చనిపోయి బయటికి వెళ్ళేవారి ఎడమ గురించి ఒక సభ్యుడు ప్రశ్నించబోతే, అది వేరే విభాగమని కూర్చోబెట్టారు.)

ఆరునెలలు తిరిగేసరికి వరండా ఎడమవైపున నీలం రంగు బెంచీ వెలిసింది. ఆరుగురు పిల్లలు పట్టే బెంచీ. మీద తెల్లక్షరాలతో 'ఎడం బెంచీ. ఉప్పు జబ్బు పిల్లలు మాత్రమే' అని ఉంది. కింద చిన్నక్షరాల్లో నియమాలు: ఈ జబ్బున్న పిల్లలు ఇంకెక్కడా కూర్చోరాదు, స్థలం వృథా కాకుండా ఒకరినొకరు ఆనుకుని కూర్చోవలెను.

సుధారాణి ఆ బెంచీని చూసి, నియమాలు రెండుసార్లు చదివింది. పిల్లని గేటు దగ్గరే వదిలి కూర్మనాథంగారి గదిలోకి వెళ్ళింది.

"బాబూ, ఎడంగా అంటే దూరంగా అండి. మేం ఎడమ అడగనేదు."

"దూరంగా అని రాస్తే దూరమే ఇచ్చేవాళ్ళం కదమ్మా! మీరు ఎడం అడిగారు, ఎడం ఇచ్చాం."

"అయితే ఆ బెంచీ తీయించండి బాబూ."

"మంజూరైన సౌకర్యాన్ని తీసేయడం రోగులకి ద్రోహం. ఆ పాపం నేను చేయలేను" అన్నారు కూర్మనాథంగారు. నిజంగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇక సంఘం తన దారి తాను చూసుకుంది. బుధవారం ముందు హేమంత్ వెళ్ళేవాడు, బెంచీ ఎక్కేవాడు కాదు. సుధారాణి పిల్లని ఒళ్ళో పెట్టుకుని రోడ్డవతల టీకొట్టులో కూర్చునేది. మనవణ్ణి చూపించుకుని బయటికి రాగానే గణపతిరావు జీపు హారన్ గట్టిగా మోగించేవాడు. వరండాలో గాలి ఆడేదాకా ఆగి అప్పుడు ఆమె లోపలికి వెళ్ళేది. వెళ్ళినా బెంచీ తాకనివ్వకుండా పిల్లని చంకలోనే ఉంచుకునేది. ఆ ఆసుపత్రిలో పనిచేసిన ఒకే ఒక్క విధానం ఆ హారన్.

అయితే ఎడం బెంచీని పరిశీలించడానికి విభాగం ఒక గుమాస్తాను పెట్టింది. ఆయన ఎప్పుడు తొంగిచూసినా బెంచీ ఖాళీ. ఆ జబ్బు పిల్లలు ఇంకెక్కడా కూర్చోరాదన్నది నియమం. బెంచీ మీద లేరంటే ఎక్కడా లేరనే. కాబట్టి ఉద్దానంలో ఈ జబ్బు అంతరించిందని విభాగం ప్రకటించింది. రోగులు లేనిచోట మందులెందుకని క్యాప్సూళ్ళు ఆపేసింది.

కొందామంటే బయట దొరికేవి కావు. గణపతిరావు కబురు మీద కబురు పంపి విశాఖ నుంచి తెప్పించినవి రెండిళ్ళకీ ఏమూలకీ చాలలేదు. భవ్యశ్రీ అన్నం తిన్నది తిన్నట్టే పోయేది. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. పాతగౌను జబ్బల మీంచి జారిపోతుంటే పిన్నీసు పెట్టి బిగించి, సుధారాణి గోడవైపు తిరిగి ఏడ్చింది.

మళ్ళీ కూర్మనాథంగారి దగ్గరికే పోయింది. ఇంకెవరున్నారు?

"విశాఖ కాగితం పాతదమ్మా. జబ్బు ఇంకా ఉందని రుజువు చూపించండి, రేపే ఇచ్చేస్తాను. పిల్లలందరూ ఒకేసారి వచ్చి బెంచీ మీద కూర్చోవాలి. బెంచీ నిండాలి."

"జిల్లా మొత్తానికి ఇద్దరే ఉన్నారండి!"

"ఇద్దరికి ఆరుగురు పట్టే బెంచీ మంజూరవుతుందా? ఆరుగురికి మంజూరైంది కాబట్టి ఆరుగురూ ఉన్నట్టే. ఎక్కడున్నారో మీరే వెతకాలి."

సుధారాణి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. పక్కింటి అప్పలనరసమ్మ ఉప్పు మడుల నుంచి అప్పుడే వచ్చింది. సంగతంతా విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓసోసి, ఇంతేనేటే! ఆడికి ఉప్పుపిల్లలేగా కావాల? మా గుంటలున్నారు, మా తోటికోడలి గుంటలున్నారు. ఈలకన్నా ఉప్పుపిల్లలు ఎక్కడ దొరుకుతారే? తీస్కెల్లి కూకోబెట్టు."

"అబద్ధం కాదేటొదినా?"

"దగ్గుమను, దగ్గుతారు. నీ కూతురు బతకాలా, ఆడి బెంచీ బతకాలా?"

సుధారాణికి ఇంకేమీ తోచలేదు. గణపతిరావుకి ఫోను చేస్తే ఆయన నవ్వలేక దగ్గాడు. "మా హేమంత్ రాడమ్మా, ఆడి పేరు సెప్పడానికి ఒక గుంటణ్ణి సూడు" అన్నాడు.

బుధవారం పొద్దున్నే ఉప్పు మడుల గట్ల మీద ఆడుతున్న ఐదుగురు పిల్లల్ని అప్పలనరసమ్మ ఆడుతున్నవాళ్ళని ఆడుతున్నట్టే ఆటో ఎక్కించింది. భవ్యశ్రీ సంగతి వేరు. పెద్దాయన ముందుకి వెళ్తున్నాం కదా అని తల్లి తలంటు పోసింది. పౌడరు రాసింది. రెండు జడలు వేసి, గాలి తగలకుండా తువ్వాలు కప్పి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

బెంచీ నిండింది. కూర్మనాథంగారి ముఖం వెలిగిపోయింది. చెమట పరీక్ష యంత్రం ఆసుపత్రిలో లేదు. కాని ఉప్పు చూడగల నిపుణుడు ఉన్నాడు: వంటశాలలో రోగుల సాంబారు రుచిచూసే రామూర్తి. అతన్ని ఆ పూటకి సాంబారు నుంచి తప్పించి పరీక్షకుడిగా నియమించారు. (ఆ రోజు సాంబారు గురించి రోగులు రాసిన ఫిర్యాదు ఇప్పటికీ పరిశీలనలో ఉంది.) రామూర్తి చేతులు కడుక్కుని వచ్చి, ఒక్కొక్క పిల్ల నుదుటి మీద వేలు రాసి, నాలుకకి తగిలించుకున్నాడు.

"ఉందండి... ఉందండి... బాబోయ్, ఈడికి శానా ఉందండి... నీ పేరేట్రా?"

"హేమంతు" అన్నాడు అప్పలనరసమ్మ రెండోవాడు. అడగకపోయినా దగ్గి చూపించాడు.

చివరికి భవ్యశ్రీ వంతు వచ్చింది. రామూర్తి ఒకసారి చూశాడు. నాలుక చప్పరించి రెండోసారి చూశాడు.

"సప్పగుందండి. పౌడరు తప్ప ఏటీ తగల్నేదు."

సుధారాణి రామూర్తికి అడ్డం వచ్చింది. "అయ్యో, ఇప్పుడే నీలోసినానండి! ఆరుగురిలో జబ్బున్నది దీనికేనండి! ఒక్కసారి లగెత్తించి సూడండి బాబూ, మీ కాళ్ళు మొక్కుతాను."

"పరీక్షకి ముందు పరిగెత్తిస్తే ప్రశ్నపత్రం ముందే ఇచ్చినట్టు అవుతుందమ్మా" అన్నారు కూర్మనాథంగారు, ఎంతో మెత్తగా. "సంతోషించండి. మీ పాపకి ఏమీ లేదు."

ఉత్తర్వులు సాయంత్రానికల్లా వచ్చాయి. ఐదుగురికీ క్యాప్సూళ్ళు మంజూరు. జబ్బు లేని భవ్యశ్రీ ఎడం బెంచీ మీద కూర్చోరాదు. వస్తే వరండా ఆ చివర, కిటికీ పక్కన, విడి కుర్చీలో కూర్చోవలెను. ఈ మాట ఫోనులో వినగానే గణపతిరావు, "అమ్మా, మనం అడిగింది అదే గదే!" అన్నాడు. రూపాయి అయిపోయింది.

అలా సంఘం ఆశయం నెరవేరింది. ఆ తర్వాత ప్రతి బుధవారం ఉప్పు మడుల పిల్లలు బెంచీ మీద కూర్చుని, దగ్గి, క్యాప్సూళ్ళు పుచ్చుకునేవారు. భవ్యశ్రీ ఖాళీ చేసిన ఆరో చోట, వాళ్ళ పక్కనే, హేమంత్ 'రెండో హేమంత్'గా కూర్చుని తన వాటా పుచ్చుకునేవాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి వాడి క్రిమితో భయం లేదు. అప్పలనరసమ్మ సీసాలన్నీ కొంగులో మూటగట్టి తెచ్చి, "ఇదిగోనే, మా గుంటల మందు, మీ గుంటకెయ్యి" అని సుధారాణి ఒళ్ళో పోసేది. పిల్లకి మళ్ళీ కాస్త బుగ్గలు వచ్చాయి. కాని జబ్బు లేని పిల్ల కాబట్టి డాక్టరు చూడడు. ఛాతీ మీద గొట్టం పెట్టేవాడు లేడు. చలికాలం వచ్చేసరికి దగ్గు ఎక్కువైంది. అది లోపల ఎంతదాకా పోయిందో చెప్పే దిక్కు లేక, సుధారాణి రాత్రీ పగలూ వీపు తడుతూనే ఉండేది. ఎప్పటికైనా ఎవరైనా చూడకపోతారా అని ప్రతి బుధవారం హారన్ మోగాక పిల్లని తెచ్చి ఆ విడి కుర్చీలో కూర్చోబెట్టేది.

ఇంతలో ఎడం బెంచీ ఖ్యాతి హైదరాబాదు దాకా పాకింది. ఒక బుధవారం, గణపతిరావు హారన్ మోగించి మనవణ్ణి తీసుకుపోయాక, పెద్ద డాక్టరుగారొకరు చూడడానికి వచ్చారు. బెంచీ మీద పిల్లలు బొద్దుగా, నల్లగా నిగనిగలాడుతున్నారు. పరిగెత్తమంటే గేటు దాకా పరిగెత్తి, ఆయాసం లేకుండా తిరిగి వచ్చారు. ఈ జబ్బులో ఇలాంటి ఫలితాలు తాను ఎక్కడా చూడలేదని ఆయన ఆశ్చర్యపోయారు. అంతా ఎడమవైపు కూర్చోబెట్టడంలో ఉందని కూర్మనాథంగారు సిగ్గుపడుతూ విన్నవించారు.

అప్పుడు వరండా ఆ చివర నుంచి దగ్గు వినపడింది. ఆగకుండా, లోపలి నుంచి తోడుకుంటూ వచ్చే దగ్గు. పెద్ద డాక్టరుగారు ఠక్కున తల తిప్పారు. పని తెలిసినవాడు తిప్పినట్టే తిప్పారు. సుధారాణి ఆయన వైపు చూసింది. ఒక్క మాట చెబితే చాలు, ఆయన చూస్తారు. అదే ఒక్క మాట చెబితే బెంచీ మీద పిల్లలు లేచిపోతారు, రేపటి నుంచి క్యాప్సూళ్ళు ఉండవు. నోరు తెరిచింది. తల దించుకుని, పిల్ల వీపు తట్టసాగింది.

"ఆ పాప ఎవరు?" అని అడిగారు పెద్ద డాక్టరుగారు.

"ఆ పాపకి ఏ జబ్బూ లేదండి" అన్నారు కూర్మనాథంగారు. "పోల్చి చూసుకోవడానికి ఉంచాం."