మూడు మెషిన్ల మొనగాడు

"కంప్యూటరంటూ ఒకటుంటే చాలు, అది నా మాట వినాల్సిందే. ఏ సిస్టమ్ అయినా సరే!" అన్నాడు మొనగాడు, ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటూ.

మూడు మెషిన్ల మొనగాడన్నది అతని బిరుదు. ప్రింటింగ్ ప్రెస్సులో తోటివాళ్ళు ఇచ్చారని చెబుతాడు గానీ, ఇచ్చుకున్నది తనే. ప్రెస్సులో పేజీలు కట్టేది విండోస్ మీద. ఇంట్లో భార్య ప్రూఫులు దిద్దుకునే మ్యాక్ మీద అప్పుడప్పుడూ పెత్తనం. ఇక ఊళ్ళు తిరగడానికి ఓ పాత బుల్లి లాప్‌టాప్‌లో స్వయంగా లినక్స్ ఎక్కించాడు. ఎక్కించిన ఆ వారం రోజులూ ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు.

ఇప్పుడో బడి యాభయ్యేళ్ళ సంచిక వేస్తోంది. పేజీలు చూపించి హెడ్మిస్ట్రెస్ చేత సరేననిపించుకు రమ్మని ప్రెస్సు యజమాని మొదటిసారి ఇతన్ని పంపుతున్నాడు. ఆవిడ సరేనంటే ఇకమీదట పుస్తకాలన్నీ ఇతనివే. కాదంటే మళ్ళీ విజిటింగ్ కార్డులే.

"ఏవండీ, ఈ బుల్లిదాంట్లో ఆ ఫైలు ఒక్కసారి తెరిచి చూసుకోండి."

"తెరిచి చూడటమంటే నన్ను నేను అనుమానించుకోవడమే."

"ఆ అనుమానించే పని నేను చూసుకుంటాలెండి. మీరు తెరవండి."

తెరవలేదు. ఆవిడ తన మ్యాక్ తెచ్చి అతని బ్యాగులో పెట్టింది. ఆవిడ అటు వంటింట్లోకి వెళ్ళగానే మొనగాడు దాన్ని బయటికి తీసి బీరువాలో దుప్పట్ల కింద దాచేశాడు. పెళ్ళాం కంప్యూటర్ మోసుకెళ్ళే మొనగాడు చరిత్రలో ఉన్నాడా?

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గదిలో, నలుగురు టీచర్ల ముందు దర్జాగా ఫైలు తెరిచాడు.

తెలుగక్షరం ఒక్కటి లేదు. తెరనిండా ఇంగ్లీషు ముక్కలూ, డాలర్లూ, ప్రశ్నార్థకాలూ పీతల్లా పడున్నాయి. ప్రెస్సులో వాడే పాత తెలుగు ఫాంటు ఇందులో ఎక్కించలేదు మరి.

"బాబూ, నా పేరు మధ్యలో డాలరు గుర్తెందుకుంది?" అంది హెడ్మిస్ట్రెస్.

"అది... గౌరవసూచకమండీ."

"డ్రిల్లు మాస్టారికి నాలుగున్నాయే! నాకొక్కటేనా?"

మొనగాడు వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాడు.

"అక్షరాలు పోయాయే!"

"ఎక్కడికీ పోలేదు. నా మ్యాక్‌లో ఆ ఫాంటుంది. బ్యాగులోంచి తీయండి."

"తీ... తీశాను."

"ఆన్ చేయండి."

"ఆ, అవుతోంది, అవుతోంది."

"భలే. నేనిప్పుడు దాని మీదే ప్రూఫులు దిద్దుతున్నాను."

మొనగాడు ఫోన్‌ని ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు.

"దుప్పటి కోసం బీరువా తీశాను లెండి. పేజీలన్నీ పీడీఎఫ్ చేసి పొద్దున్నే మేడమ్ గారి మెయిల్‌కి పంపాను. అది ఎందులో తెరిచినా అక్షరాలు చెదరవు. చూడమనండి."

హెడ్మిస్ట్రెస్ తన కంప్యూటర్లో తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. గోడ గడియారం మొనగాడి గుండె మీద కొట్టుకుంటున్నట్టుంది.

"ఒక్క తప్పు లేదు! ఎంత ముచ్చటగా ఉందో! అచ్చు వేసేయండి. ఇదంతా మీరే చేశారా?"

అలవాటు కొద్దీ "ఆ" అనబోయి ఆగాడు. ఛాతీ మాత్రం ఆగకుండా పొంగింది.

"పేజీలు కట్టింది నేనేనండీ. తప్పులు ఏరిందీ, ఇవాళ నా పరువు కాపాడిందీ మా ఆవిడ. నా గొప్ప కోసం ఆవిడ కంప్యూటర్ దాచేసి వచ్చాను."

"అయితే ఈసారి ఆవిణ్ణే పంపండి."

"అలాగేనండీ," అన్నాడు మొనగాడు, జన్మలో ఎన్నడూ లేనంత గర్వంగా. "బ్యాగు నేను మోస్తాను. అందులోంచి ఏదీ తీయను."