పొగగొట్టానికి దిష్టి

ఆ సోమవారం జగ్గమ్మ అనుకున్నది చాలా చిన్న పని. తెల్లారగానే కొత్త గొట్టం కింద పొయ్యి వెలిగించాలి. హోటలు అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చేసరికి ఒక దిబ్బరొట్టె దించాలి. ఆ రొట్టె ఆయన కడుపులో పడ్డాక మాట్లాడాల్సిందేమైనా మిగిలితే అప్పుడు మాట్లాడుకోవాలి. ఆకలితో ఉన్నవాడితో వాదించకూడదనీ, తిన్నవాడితో వాదించే అవసరమే రాదనీ ఆమె నమ్మకం.

నరసన్నపేటలో పాతపట్నం వెళ్లే రోడ్డు పక్కన ఆమె కొడుకు శివాజీ టిఫిన్ హోటలు నడుపుతున్నాడు. ముందు బల్లలు, వెనక పెంకుల వంటపాక. ఆ పాకను ఆనుకునే ఇంటాయన మురళీమోహన్ మేడమీది వాటా. జగ్గమ్మ కర్రపొయ్యి మీద కాల్చే దిబ్బరొట్టె కోసం లారీలు కూడా ఆగుతాయి. పొగ మాత్రం ఎక్కడా ఆగేది కాదు. పెంకుల సందుల్లోంచి లేచి తిన్నగా మేడమీది కిటికీలో దూరేది. పై వాటాలోకి దిగినవాళ్లు దగ్గుతూ దిగి, తుమ్ముతూ వెళ్లిపోయేవారు. చివరికి మురళీమోహన్ మాట తేల్చేశాడు. సోమవారం ఒక బ్యాంకాయన వాటా చూడటానికి వస్తాడు. ఆ పూట పైకి పొగ వచ్చిందంటే శివాజీ గ్యాసు పొయ్యైనా పెట్టుకోవాలి, హోటలైనా ఖాళీ చేయాలి.

జగ్గమ్మకు ఆ రెండూ ఒకటే. "గేస్ మీద కాలిస్తే అది రొట్టి కాదురా, ఉడికిన పిండి" అంది కొడుకుతో.

అందుకని కోడలు గౌరి తన అన్నను పిలిపించింది. అతని పేరు ఉమాశంకర్. రైసు మిల్లులకు గొట్టాలు బిగిస్తాడు. బిగించేటప్పుడు చేతులు ఎంత ఆడతాయో నోరూ అంతే ఆడుతుంది. ఆదివారం పొద్దున నిగనిగలాడే స్టీలు గొట్టం ముక్కలు ఆటోలో వేసుకుని దిగాడు. ఒక గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంది.

"లోపలిది పొగకి అత్తా, పైది మనకి. మజ్జిన వేడాగడానికి దూదిలాంటిది కూరుంటాది. లోపల నిప్పులు కక్కినా పైన సెయ్యెట్టొచ్చు."

"సెయ్యెడితే కాలని గొట్టం ఏటికిరా" అంది జగ్గమ్మ. "పక్కన వొడియాలు ఆరెట్టుకుందామనుకున్నాను."

"దీని పక్కన ఏటీ పెట్టకూడదు. తాటివాసాలకీ దీనికీ మజ్జిన రెండంగుళాలు జాగా ఒగ్గీసినాను సూడు. ఆ జాగాలో సీపురు దూర్చినా, గోనె కుక్కినా పాక తగలడిపోద్ది."

జగ్గమ్మ ఆ ఖాళీ వైపు జాలిగా చూసింది. ఆమె ఇంట్లో రెండంగుళాల జాగా ఎప్పుడూ ఊరికే ఉండి ఎరగదు.

ఉమాశంకర్ పొయ్యి మీద రేకు గూడు దింపి, గూడు నుంచి గొట్టం లేపి, ముక్కను ముక్కలో తిప్పి బిగించాడు. లోపలి గొట్టానికి ఒక్క మేకు కూడా తగలనివ్వలేదు. పెంకులు తీసిన చోట చుట్టూ రేకు పరిచాడు. పైన ఇంటి కొప్పు దాటించి, గాలికి ఊగకుండా తీగలతో కట్టి, చివర మూతిమీద గొడుగులాంటి స్టీలు మూత పెట్టాడు. వాన లోపలికి రాకూడదు, పొగ బయటికి పోవాలి, అందుకని ఆ గొడుగు కింద చుట్టూ సందు ఉంది. దిగివచ్చి చేతులు దులుపుకున్నాడు.

"నా సేత్తో బిగించింది. ఇంక దాని మొహం సూడక్కర్నేదు."

కాని ఊరంతా చూసింది. సాయంత్రం ఎండకు ఆ గొట్టం జిగేలుమంటుంటే రోడ్డు మీద వెళ్లే ప్రతివాడూ తలెత్తాడు. సైకిలు దిగి చూసినవాళ్లూ ఉన్నారు. ఎదురుగా ఇడ్లీబండి పెట్టుకునే మనిషి అయితే చట్నీ వేయడం మరచిపోయి చూశాడు. ఆ చూపు జగ్గమ్మ గుండెలో గుచ్చుకుంది.

అందుకే, ఆ రాత్రి ఊరికి వెళ్లకుండా అందరితోపాటు హోటల్లోనే పడుకున్న ఆమె సోమవారం లేస్తూనే మూలనున్న పాత కుండ తీసింది. మసి పూసింది. సున్నంతో గుడ్లూ కోరపళ్లూ దిద్దింది. పక్కింటి పైకప్పు మీద పెంకులు తిరగవేస్తున్న అప్పలసూరిని కేకేసింది.

"ఒరే అప్పలసూరీ, ఈ కుండ ఆ గొట్టం మీద పెట్టీరా."

"దిష్టికా పిన్నీ?"

"కాదు, నీళ్లు తోడ్డానికి."

అప్పలసూరి పెంకుల మీద పిల్లిలా నడిచి వెళ్లాడు. "గొడుగడ్డున్నాది పిన్నీ. కుండ కూకోదు."

"గొడుగు తీసీ. కుండ బోర్లించినాక వానెలగ దిగుతాదిరా."

మాట సబబుగానే ఉంది. అప్పలసూరి గొడుగు ఊడదీసి కుండ బోర్లించాడు. కొలిచి చేసినట్టు గొట్టం మూతికి అతుక్కుని కూర్చుంది. గొడుగు కిందికి అందించాడు. జగ్గమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మందమైన స్టీలు, మంచి వెడల్పు. రొట్టె మూకుడు మీది పాత మూత బీటలిచ్చి ఎన్నాళ్లో అయింది. దీన్ని వెల్లకిలా పెడితే పైన నిప్పులు కూడా జారకుండా నిలుస్తాయి. ఇంత పనికొచ్చే వస్తువును ఆకాశంలో పెట్టిన ఉమాశంకర్ తెలివికి ఆమె నవ్వుకుంది.

పొయ్యి వెలిగింది. కొన్ని నిప్పులు పక్కకు లాగి మూకుడు పెట్టి, పిండి పోసి, కొత్త మూత వేసి, పైన నిప్పులు పేర్చింది. పొయ్యి పొగ గూట్లోకి వెళ్లింది. గొట్టంలోకి ఎక్కింది. అక్కడ కాసేపు ఆలోచించుకుని, వెళ్లిన దారినే వెనక్కి వచ్చింది.

"బావా, పొగ తిరిగొస్తన్నాది" అన్నాడు శివాజీ.

ఉమాశంకర్ పళ్లు తోముకుంటూ వచ్చాడు. "కొత్త గొట్టం కదా బావా. దానికి దారి అలవాటవ్వాలి."

పొగకు దారి బాగానే అలవాటైంది, కాకపోతే వంటపాకలోకి. ఉమాశంకర్ కర్ర పచ్చిదన్నాడు. శివాజీ ఎండు సరుగుడు తెచ్చి పెట్టాడు. మంట పెరిగింది, పొగా పెరిగింది. ఈసారి ఉమాశంకర్ గొట్టం లోపల సల్లగా ఉండిపోయుంటాది, వేడెక్కితే అదే లాగుతాది, కొబ్బరాకులు తెమ్మన్నాడు. గౌరి మోపెడు తెచ్చి పడేసింది. ఆ దెబ్బతో మనిషికి మనిషి కనిపించకుండా పోయారు.

"అన్నా, ఓపాలి పైన సూడరాదేటి" అంది గౌరి పొగలోంచి.

"పైనేటి సూస్తావు, నాను పెట్టిందే కదా" అంటూనే ఉమాశంకర్ పెరట్లోకి వెళ్లి తలెత్తాడు. కిందనుంచి అతుకులన్నీ చూశాడు. తీగలు చూశాడు. చివర కోరపళ్లతో ఇకిలిస్తున్న కుండనూ చూశాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అని లోపలికి వచ్చాడు.

అతన్ని తప్పుపట్టడానికి లేదు. కొత్తది ఏది లేచినా దాని నెత్తిన దిష్టికుండ ఉండాలి. లేకపోతే చూపు ఆగుతుంది. ఉంటే ఎవరి చూపూ ఆగదు. అప్పటికి రోడ్డు మీద పోగైన జనం కూడా ఆ కుండను చూశారు. పొగ ఎక్కడిదని ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు.

అప్పుడు మురళీమోహన్ బ్యాంకాయన్ని వెంటబెట్టుకుని మోటారు సైకిలు దిగాడు. ముందు గొట్టం చూశాడు.

"దిష్టికుండ కూడా పెట్టీసినారు. మంచి పని" అన్నాడు. తరువాత పెంకుల్లోంచి లేస్తున్న పొగ చూశాడు. "ఇదేటిది శివాజీ?"

"ఇది ఆఖరి పొగ బాబూ" అన్నాడు శివాజీ. "పాత పొగంతా బయటికి పోతన్నాది."

వంటపాక వైపు రాకుండా అతను ఇంటాయన్ని మేడ మెట్ల వైపు మళ్లించాడు. మేడ మీదకు వెళ్లకుండా గౌరి బల్ల తుడిచి కూర్చోమంది. మొగుడూ పెళ్లాలు చెరో వైపు మర్యాద చేస్తుంటే మురళీమోహన్‌కు అనుమానం వచ్చి, బ్యాంకాయన చెయ్యి పట్టుకుని మెట్లెక్కేశాడు.

జగ్గమ్మ గుమ్మంలో నిలబడి జనాన్ని చూసింది. ఇన్ని కళ్లు. ఒక్క కుండ ఎంతకని కాస్తుంది? హోటలు పోతే కొడుకు మళ్లీ ఎవరి దగ్గరో పిండి రుబ్బాలి. ఆమె ఇంక ఆలోచించలేదు. గుప్పెడు ఎండుమిరపకాయలూ కళ్లుప్పూ తీసింది. పొయ్యి చుట్టూ, గొట్టం చుట్టూ, అడ్డం వచ్చిన ఉమాశంకర్ చుట్టూ కూడా తిప్పి నిప్పుల్లో వేసింది.

"అత్తా, ఏటి వేసినావు?" అన్నాడు ఉమాశంకర్. తరువాత దగ్గాడు.

దిష్టి తగిలిన చోట ఎన్ని మిరపకాయలు కాల్చినా ఘాటు రాదని పెద్దలు చెబుతారు. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే. ఆ పూట వచ్చిన ఘాటు నరసన్నపేట ఎన్నడూ ఎరగదు. శివాజీ ఒక గుమ్మంలోంచి, గౌరి ఇంకో గుమ్మంలోంచి, ఉమాశంకర్ కిటికీలోంచి బయటపడ్డారు. జనం తుండుగుడ్డలు ముక్కులకు కట్టుకుని రోడ్డుకు అవతలికి పోయారు. ఇడ్లీబండి దానంతట అదే కదిలినట్టు కదిలింది.

సరిగ్గా అప్పుడే మేడమీద మురళీమోహన్ కిటికీ తలుపులు బార్లా తెరిచి, "గాలికి మాత్రం లోటు లేదండి, పీల్చి చూడండి" అంటున్నాడు. బ్యాంకాయన మర్యాదస్తుడు. పీల్చాడు.

మెట్లు దిగింది ఎవరికీ కనిపించలేదు గాని, వినిపించింది. బ్యాంకాయన కళ్లు తుడుచుకుంటూ రోడ్డు మీద పోయే ఆటో ఎక్కేశాడు. ఏడుస్తూ వెళుతున్న మనిషిని వెనక్కి పిలవడం ఎవరికీ బాగనిపించలేదు. ఆయన వెనకే దిగిన మురళీమోహన్ తుమ్ముకూ తుమ్ముకూ మధ్య తీర్పు చెప్పాడు.

"శివాజీ, సాయంత్రానికి సామాను తీసీ. ఇంకో మాట నేదు."

శివాజీ చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు. గౌరి కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఘాటుకో దుఃఖానికో చెప్పడం కష్టం.

ఒక్క జగ్గమ్మ మాత్రం పెరట్లో నిలబడి, రెండు కళ్లూ ధారలు కడుతుంటే, ప్రశాంతంగా లెక్క తేల్చుకుంటోంది. ఘాటు వచ్చింది. మామూలు ఘాటు కాదు. అంటే దిష్టి లేదు. వీసమెత్తు కూడా లేదు. దిష్టే లేనప్పుడు, మంచి కుండ ఎండలో వృథాగా ఎందుకు?

"ఒరే అప్పలసూరీ" అని కేకేసింది. "దిష్టి నేదురా. ఆ కుండ తీసీ. పప్పు పోసుకుంటాను."

అప్పలసూరి పొగ భయానికి దగ్గరికి వెళ్లలేదు. దూరం నుంచే వెదురు గెడతో ఒక పోటు పొడిచాడు. కుండ ఊడి, పెంకుల మీద డొర్లి, పెరట్లో పడి బద్దలైంది. మరుక్షణం గొట్టం ఊపిరి తీసుకుంది. బుస్సుమని నల్లటి పొగ తాడులా పైకి లేచింది. పాకలో తిరుగుతున్న పొగంతా పేరు పెట్టి పిలిచినట్టు గూట్లోకి మళ్లింది. మిరప ఘాటు కూడా కొబ్బరిచెట్ల మీదుగా ఊరు దాటింది. కాసేపటికి వంటపాకలో గోడలు కనిపించాయి.

ఉమాశంకర్ గొట్టం వైపు చూశాడు. కుండ పెంకుల వైపు చూశాడు.

"అత్తా, గొట్టం మూతి మీద కుండ బోర్లించినావా?"

"నువ్వు సూసినావు కదా."

"సూసినాను" అన్నాడు ఉమాశంకర్. చుట్టూ వెతికి, "మరి గొడుగేది?" అన్నాడు.

జగ్గమ్మ మూకుడు చూపించింది. గొడుగు నిండా నిప్పులు కణకణలాడుతున్నాయి.

"పొగ ఎనక్కొస్తే మనుషులు సచ్చిపోతారత్తా. ముందు నిప్పు లాగీసి, తలుపులు తీసి, పైన ఏటి అడ్డమున్నాదో సూడాలి."

"మరి నువ్వు కొబ్బరాకులెందుకు తెమ్మన్నావన్నా" అంది గౌరి.

ఉమాశంకర్ దగ్గు రాకపోయినా దగ్గాడు.

జగ్గమ్మ మూత దించింది. రొట్టె అడుగూ పైనా ఒకే తీరున ఎర్రగా కాలి, పొంగి, లోపల దూదిలా ఉంది. ఆమె ముక్క తుంచి, బెల్లం పానకం పోసి మురళీమోహన్ ముందు పెట్టింది. ఆయన వద్దనబోయాడు. వాసన ముందు చేరింది. తింటూనే లేచి వంటపాకలోకి వచ్చి, భయంభయంగా గొట్టం మీద వేలు ఆనించాడు. వేలు కాలలేదు. అరచెయ్యి పెట్టాడు.

"లోపల మంట ఉన్నాదా?"

"మండుతున్నాది బాబూ" అన్నాడు శివాజీ.

ఇంకో ముక్క చేత్తో పట్టుకుని మేడ ఎక్కి వచ్చాడు. పైన పొగ లేదు. దిగి వచ్చి కూర్చున్నాడు గాని మొహం తేటపడలేదు.

"కింద మీరు ఉంటే ఉండండి. పైకెవడొస్తాడు ఇంక? ఆ బ్యాంకాయన ఊరంతా సెప్తాడు."

జగ్గమ్మ గిన్నెలో ఇంకాస్త పానకం పోసింది. "మేం వస్తాం బాబూ. పిండి రుబ్బడానికి సీకటితో లేసి, ఊర్నుంచి పడతా లేస్తా రావడం నా వల్ల కావట్నేదు."

మురళీమోహన్ నమిలాడు. ఆలోచించాడు. రొట్టె అయిపోయేసరికి ఆలోచనా అయిపోయింది. కింద ఖాళీ చేయించడానికి వచ్చిన మనిషి పై వాటా తాళంచెవి కూడా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఆ వారమే జగ్గమ్మ మేడ ఎక్కింది. పైన పొగ గురించి ఫిర్యాదు చేసే హక్కు ఇప్పుడు ఆమెదే. ఒక్కసారి చేసింది, రొట్టె కాలిందో లేదో తెలియడానికి కాస్తంత వాసనైనా రావడం లేదని.