మా రేడియో డిస్కుకు ఆరోగ్య పరీక్ష

హార్డ్ డిస్కును పరీక్షించే ముందు కాపీ తీసుకోవడం శుద్ధ పిరికితనం! ఈ మాట అన్నందుకు కంప్యూటర్లు తెలిసినవాళ్లు నా మీద విరుచుకుపడతారని తెలుసు. పడనివ్వండి. మా పరాగ్వేలో జనవరి అంటే మండువేసవి, ఆ ఎండల్లో విల్యారికా ఊరి రేడియోలో మైకు ముందు కూర్చునే మనిషిని, ఇంతకంటే పెద్ద వేడి నాకేం తగులుతుంది?

మీరే ఆలోచించండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎందుకైనా మంచిదని ఇంకో మనల్ని తయారుచేసి ఇంట్లో కూర్చోబెట్టి వెళతామా? లేదు కదా! మరి డిస్కుకు మాత్రం ఆ గారాబం దేనికి?

మా స్టేషన్ సర్వర్ చూసుకునే నీమియా ఒర్తిగోసాకు ఈ ధైర్యం బొత్తిగా లేదు. డిస్కు కిర్రుకిర్రుమంటోందని నెల రోజులు డైరెక్టర్ డాన్ ఎలాదియో, అంటే ఎలాదియో గారి, వెంటపడింది.

"ఇంకో డిస్కు ఇప్పించండి సార్. ఒక్క మధ్యాహ్నం సర్వర్ గది ఖాళీ చేయించండి. ముందు కాపీ. ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూడటం. తర్వాతే పరీక్ష. అదీ చదివి చూసే పరీక్షే. రాసి చూసే దాని జోలికి మాత్రం ఎవరూ పోవద్దు, మీకు దణ్ణం పెడతా!"

గది ఖాళీ చేయాలట! ఎంత మాట! స్టేషన్ మొత్తానికి ఏసీ పనిచేసేది ఆ సర్వర్ గదిలోనే. మా టెరెరే సభ జరిగేదీ అక్కడే. ఐసు వేసిన ఆకుల నీళ్లు, అందరికీ ఒకటే కొమ్ము గ్లాసు, ఒకటే గొట్టం, చేతులు మారుతూ తిరుగుతుంటాయి. ఐసు ఫ్లాస్కును మాత్రం సర్వర్ నెత్తిన పెడతాం, పాపం దానికీ చల్లగా ఉంటుందని. నీమియా తిట్టుకుంటూ దించుతుంది. ఆవిడ అటు వెళ్లగానే మేం మళ్లీ పెడతాం.

ఇంతకీ ఆ డిస్కులో ఏముంది? ప్రకటనలు, ఫుట్‌బాల్ వ్యాఖ్యానాలు, మేయర్ల ఉపన్యాసాలు. వాటితో పాటు డాన్ ఫిదెలీనో అనే కళాకారుడి హార్ప్ వాద్యం. ఆయన పోయే ముందు మా స్టూడియోలో ఒక్కసారి వాయించాడు. అంతకు ముందు ఎక్కడా రికార్డు చేయనివ్వలేదు. ఆ టేపు బూజు పట్టి పోయాక, మిగిలింది డిస్కులోదే. ఏటా ఆయన వర్ధంతి రోజున ఆయన భార్య దియోలిందమ్మ, మా మాటలో న్యా దియోలిందా, బస్సులో వచ్చి మా ముందుగదిలో కూర్చుని, ఆ వాయిద్యం విని, కళ్లు తుడుచుకుని వెళుతుంది.

పోయిన వారం నీమియా చెల్లెలి పెళ్లికని వేరే ఊరు వెళ్లింది. మంచి అవకాశం! ప్రింటర్లు అమ్ముకునే తన బావమరిది రుఫీనోను డైరెక్టర్ పిలిపించాడు.

"బావా, మూడు రకాల పరీక్షలున్నాయి. పైపైన చూసేది, చదివి చూసేది, పూర్తిగా రాసి చూసేది. ఏది కానిద్దాం?"

"సగం సగం పనులు మన ఇంటా వంటా లేవు. పూర్తిగానే కానియ్!"

రాసి చూసే పరీక్ష అంటే డిస్కులో మూలమూలనా కొత్తగా ఏదో రాసి, తిరిగి చదువుకోవడం. పాతది ఉంటే దాని మీదే రాసేస్తుంది. యంత్రం మోసగత్తె కాదు, ముందే చెప్పింది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, కానివ్వమంటారా అని అడిగింది. కానీ ఎప్పుడడిగింది? సరిగ్గా కొమ్ము గ్లాసు రుఫీనో చేతికొచ్చినప్పుడు! ఆ గ్లాసు చేతిలో ఉన్న పరాగ్వే మనిషి నోట 'వద్దు' అన్న మాట వస్తుందా?

"పాపం, ఎంత మర్యాదగా అడుగుతోందో చూడు బావా. కాదంటే ఏం బాగుంటుంది?"

"అవునను, అవునను."

యంత్రం మళ్లీ అడిగింది.

"మొహమాటపడుతోంది బావా! ఇంకోసారి అడుగుతోంది."

"మనింట్లో మొహమాటం ఏంటని చెప్పు. నొక్కు!"

నొక్కాడు. పరీక్షకు అడ్డురాకూడదని అందరం ఇళ్లకు వెళ్లి కమ్మగా కునుకు తీశాం. నీమియా కాళ్లావేళ్లా పడినా ఖాళీ కాని గది, మధ్యాహ్నం నిద్రకు ఇట్టే ఖాళీ అయింది. తిరిగొచ్చేసరికి తెర మీద పచ్చటి అక్షరాలు: ఒక్క లోపం లేదు, డిస్కు ఆరోగ్యం నూటికి నూరు! డైరెక్టర్ దాన్ని ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. అందరికీ వేడివేడి చిపా రొట్టెలు పంచాడు.

లాభాలు చూడండి. మేయర్ల ఉపన్యాసాలు లేవు! ఎప్పుడో మూతపడ్డ కొట్ల ప్రకటనలు లేవు! మా ఊరి జట్టు ఓడిన ఒక్క మ్యాచ్ కూడా మా దగ్గర లేదు, మేమిప్పుడు ఓటమి ఎరగని జట్టు! నేను మైకు ముందు తుమ్మిన తుమ్ములన్నీ మాఫీ! ఇంత ప్రక్షాళన ఏ ప్రభుత్వం చేయగలదు?

నీమియా తిరిగొచ్చి ఆ ఫ్రేములోది చదివింది.

"ఆరోగ్యం బాగానే ఉంటుంది లెండి. శ్మశానంలో ఎవరికైనా జ్వరమొస్తుందా?"

ఏమైనా వెనక్కి తేగలవా అని డైరెక్టర్ నసిగాడు. పైన రాసేశాక ఎవడబ్బ తరమూ కాదంది. చూశారా, పెళ్లి భోజనం తిని వచ్చి కూడా ఎంత చేదుగా మాట్లాడుతోందో!

ఈ రోజు డాన్ ఫిదెలీనో వర్ధంతి. పొద్దున న్యా దియోలిందా వచ్చింది. ఉతికిన తెల్ల జాకెట్టు, ఒళ్లో ఫ్లాస్కు.

"డిస్కుకు ఒంట్లో బాగాలేదన్నారు. ఇప్పుడెలా ఉంది నాయనా?"

"పూర్తిగా కోలుకుందమ్మా. నూటికి నూరు."

"చల్లటి మాట చెప్పావు. మరి మా ఆయన్ని వాయించమను."

కొమ్ము గ్లాసు నింపి నా చేతికిచ్చింది. తీసుకున్నాను. తాగకుండా అలాగే పట్టుకుని, ఇప్పుడే వస్తానమ్మా అని లోపలికొచ్చి పత్రికకు ఈ కాలమ్ రాస్తున్నాను. ఆవిడ తొందరేం లేదంది, సాయంత్రం బస్సుకు వెళతానంది.

కాపీ తీసుకోవడం పిరికితనమని మొదట్లో అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. మా స్టేషన్‌లో పిరికివాళ్లు లేరు. డైరెక్టర్, బావమరిది, నేను, అందరం ధైర్యవంతులమే, అందరం సర్వర్ గదిలోనే ఉన్నాం. ముందుగదిలోకి వెళ్లి ఆవిడకు చెప్పడానికి మాత్రం ఒక్కరూ లేవడం లేదు.