తారీఖు మార్చే హక్కు

ఆ రోజు ఉదయం సారంగపాణి ఆలోచన చిన్నదే. పద్మ కుర్చీలో కూర్చోవాలి, పద్మ కన్నా బాగా పని చేయాలి, ఆ సంగతి సేటు చెవిన పడాలి.

ఎనుమాముల దారిలో రాంచందర్ సేటు పత్తి జిన్నింగు మిల్లుకు ఆయన పెద్ద గుమాస్తా. సేటు బల్ల మీది చెక్క దిమ్మెల క్యాలెండరులో తారీఖు తిప్పడం ఏళ్ల తరబడి ఆయన హక్కు. నిరుడు కంప్యూటర్ రావడంతో దిమ్మెలు అల్మారాలోకి పోయాయి, హక్కు కొత్తగా చేరిన పద్మకు పోయింది. ఏ రోజు ఏ పనులున్నాయో ఆ యంత్రమే అచ్చువేసి ఇస్తుంది. అందులో ఎక్కిన తారీఖును మార్చాలంటే పద్మకొక్కదానికే తెలిసిన రహస్య మాట కావాలి. "పద్మను అడుగుండ్రి" అని సేటు అన్నప్పుడల్లా సారంగపాణికి తాగుతున్న చాయ్ చేదయ్యేది.

ముందురోజు సెలవు మీద వెళ్తూ పద్మ కంప్యూటర్ గది తాళంచెవి ఆయన చేతికిచ్చింది. "పొద్దుగాల మిషన్ తారీఖు అడుగుతది సార్. జర చూసి కొట్టుండ్రి. ఒక్కసారి కొట్టినంక నేనొస్తె గాని మారది. నెల ఏమో..."

"తారీఖు నాకు నేర్పుతవా బిడ్డా? నువ్వు పలక పట్టకముందు సంది తిప్పుతున్న."

పద్మ మిగిలిన మాట మింగేసి వెళ్లిపోయింది.

జూలై అయిదు కాబట్టి ఆయన 5-7-88 అని కొట్టాడు. ఆ యంత్రం నెలను ముందు, రోజును తర్వాత చదువుతుందని, దాని లెక్కలో అది మే ఏడని ఆయనకు తెలియదు. అచ్చయిన కాగితం మీద కూడా 5-7-88 అనే ఉంది. పనులు మాత్రం ఎండాకాలంవి.

మొదటి పని గేటు ముందు చలివేంద్రం. బయట ముసురు పట్టి ఉంది. కాపలా కట్టయ్య కుండల దిక్కు, మొగులు దిక్కు చూశాడు.

"వానల సల్లనీళ్లు ఎవడు తాగుతడు సార్?"

"కంప్యూటర్ కంటె నీకు ఎక్కువ తెల్సా?"

కట్టయ్య గొడుగు పట్టుకుని కుండల పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నానికి కుండల్లో నీళ్లు తగ్గకపోగా పెరిగాయి.

రెండో పని, సేటు అత్తగారి కోసం నెక్కొండకు కారు. డ్రైవర్ సారయ్య నసిగాడు. "ఎండకాలం మామిడితొక్కు పెట్టనీకి వచ్చింది, ఉప్పెక్కువైందని సేటు అంటె అలిగి పోయింది గద సార్?"

"అందుకే ఇయ్యాల కారు పంపుతాండు. పెద్దోళ్ల మతలబు నీకెందుకు, పో."

సేటు వచ్చి వానలో చలివేంద్రం చూశాడు. కాగితం చూశాడు. "ఇవన్ని మే నెల పనులు. తారీఖు మార్చు."

సారంగపాణి మీట నొక్కాడు. మీకు అనుమతి లేదని తెర మీద ఇంగ్లీషులో వెలిగింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే.

"ఇది గూడ పద్మ దిక్కే" అన్నాడు ఆయన.

"కారేది?" అని అడిగి, రెండో పని చదివి, సేటు కుర్చీలో కూలబడ్డాడు. "సారంగపాణీ, రేపటి సంది నువ్వు రాకు."

అప్పుడే ఇంటినుంచి ఫోన్ మోగింది. సేటు భార్య గొంతు సారంగపాణి దాకా వినిపించింది. "అల్లుడు కారు పంపితేనే గడప తొక్కుత అన్నది మా అమ్మ. రెండు నెల్ల సంది మొత్తుకుంటె ఇయ్యాల పంపిండ్రు. సారంగపాణి సార్ దగ్గరుండి పంపిండంట. ఆయన ఏమడిగితే అది ఇయ్యుండ్రి."

సేటు చివరికి "సరె" అన్నాడు. ఫోన్ పెట్టి సారంగపాణి దిక్కు చూశాడు. "ఏం గావాలె?"

"తారీఖు మార్చే పర్మిషన్."

మర్నాడు పద్మ అలుగుతుందని, ఏడుస్తుందని సారంగపాణి ఆశపడ్డాడు. ఆమె రహస్య మాట చెప్పి, తాళంచెవి కూడా ఆయన జేబులో వేసింది.

"మంచిగైంది సార్. దీనికి లోపల గడియారం లేదు. తెల్లారిందని రోజు మనమే చెప్పాలె. లారీలు లోపలికి రాకముందే వచ్చి కొట్టాలె."

"రోజూనా?"

"ఆదివారం గూడ."

సారంగపాణి ఇప్పుడు చీకటితోనే మిల్లుకు వచ్చి, పది గంటలకు తీరిగ్గా వచ్చే పద్మను చూసి కుళ్లుకుంటున్నాడు.