దొరబండి గుండెకాయ

"ఆంగ్లేయ రాజసానికి ఆంధ్రదేశంలో మిగిలిన ఏకైక వారసునికి అనకాపల్లి పట్టణ ప్రజల ఘన స్వాగతం!"

ఈ మాట నేనన్నది కాదండీ. పట్టణ ప్రజలూ అనలేదు. మా దేవీప్రసాద్ బావ తనే రాయించి, తనే ఫ్లెక్సీ కొట్టించి, రింగురోడ్డు మలుపులో తనే దగ్గరుండి కట్టించుకున్న మాట. ఫ్లెక్సీలో ఒక పక్క ఎర్రటి రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండో పక్క గళ్ళ టోపీ, నోట్లో పొగాకు లేని పైపుతో బావ. మధ్యలో ఒక కిరీటం. "ఈ కిరీటం ఎవరిది బావా?" అని అడిగితే, "డిజైనులో దానంతటదే వచ్చింది" అన్నాడు. పుట్టిన ఊళ్ళోనే తిరిగే మనిషికి స్వాగతం దేనికో మాత్రం చెప్పలేదు.

బావంటే చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్ళో కలిసి టీ తాగిన మగాళ్ళందరూ బావలే. ఆయన వ్యాపారం ప్లాట్లు అమ్మడం. చెరకు తోట కొంటాడు, చెరకు పీకించి రాళ్ళు పాతిస్తాడు, "విండ్సర్ గార్డెన్స్" అని బోర్డు పెడతాడు. అందులో గార్డెన్ వెతికినా కనపడదు. నేను వాహనాల ఇన్సూరెన్సు సర్వేయరుగా చేసి రిటైరయ్యేను. గుద్దుకున్న లారీల కింద దూరి దూరి నడుం పోయిన మనిషిని. నన్ను తన కారుకి "సాంకేతిక సలహాదారు"గా వేసుకున్నాడు. జీతం టీ, ఉప్మా ఉన్నరోజు బోనసు.

కారు కథ బావ చెప్పేది ఒకటి, జరిగింది ఇంకొకటి. బావ చెప్పేది ఇది: ఆయన తాత రాజా సింహాచలం బహద్దూర్ ఒక దొరతో కలిసి అడవికి వేటకెళ్ళేడు. దొర మీదకి పులి దూకింది. తాత ఒక్క గుండుతో పడగొట్టేడు. దొర కన్నీళ్ళు పెట్టుకుని కారు తాళాలు చేతిలో పెట్టేడు. చెప్పిన ప్రతిసారీ పులి కొంచెం పెరుగుతూ వచ్చింది.

జరిగింది ఇది: సింహాచలం బెల్లం వండుకునే రైతు. ఒక దొర దేశం విడిచిపోతూ సామాన్లు వేలం వేస్తే, గానుగ తిప్పడానికి ఇంజను పనికొస్తుందని ఆ కారు పాడుకున్నాడు. ఇంటికి తెచ్చిన వారంలోనే ఇంజను పీకి గానుగకి బిగించేడు. మిగతా కారు పశువుల పాకలో పడేసేడు. అప్పటినుంచీ దాన్లో కోళ్ళు గుడ్లు పెట్టేయి. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ ఇది తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పరు, అందరికీ బావ దగ్గర ఏదో ఒక పని ఉంటుంది.

ఇంతలో విశాఖ నుంచి "తూర్పు తీర పురాతన వాహన ప్రియుల సంఘం" వాళ్ళు మా ఊళ్ళో ప్రదర్శన పెడతామన్నారు. ప్రతి భాగమూ పుట్టినప్పటిదే అని తేలిన కారుకి "సంపూర్ణ స్వచ్ఛత" అని చెక్కిన ఇత్తడి ఫలకం ఇస్తారు. ఫలకం వచ్చినవాడు సంఘంలో శాశ్వత సభ్యుడు. జమీందార్ల మనవల పక్కన కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ కోసం బావకి నిద్ర పట్టలేదు.

పాకలోంచి కారు బయటికి తీసేం. కోళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పేయి. హెడ్‌లైటు ఒకటి కె. కోటపాడులో కిరాణా కొట్టు గుమ్మం మీద దొరికింది, రెండోది రాజయ్యపేటలో ఒక పడవ ముందు దొరికింది. స్టీరింగు ఎవరింట్లోనో బట్టలు ఆరేసుకునే కొక్కెం అయింది. అన్నీ వెతికి, బతిమాలి తెచ్చేం. గుండెకాయ ఒక్కటే మిగిలింది. అదేనండీ, ఇంజను. అది ఎక్కడుందో బావకి తెలుసు, చెప్పడానికే సిగ్గు.

అది కోటవురట్ల దగ్గర తలుపులమ్మ గానుగలో ఉంది. తలుపులమ్మ సింహాచలం కూతురు, అంటే బావకి సాక్షాత్తూ మేనత్త. బావ కొత్తింటి గృహప్రవేశానికి కలెక్టరాఫీసు గుమాస్తాల్ని కూడా పిలిచేడు గానీ ఆవిడని పిలవలేదు. "ఆవిడ ఒంటికి పొగ వాసన బావా, గెస్టులు ఇబ్బంది పడతారు" అన్నాడు నాతో.

వెళ్ళేం. పొయ్యి మండుతోంది, పెనంలో పాకం ఉడుకుతోంది. తలుపులమ్మ నడుముకి కొంగు బిగించి పిప్పి ఎగదోస్తోంది.

"ఏరా పెసాదూ! దారి తప్పేవేటి?"

"అత్తా! నిన్ను చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది."

"ఇన్నాళ్ళూ కొట్టుకోలేదేటి మరి? కూకో. సిన్నబాబూ, నువ్వూ కూకో. రసం తాగుదురు గాని."

బావ కూర్చోలేదు. ప్యాంటుకి మసి అంటుతుందని. తిన్నగా ఇంజను దగ్గరికి పోయేడు. దానికి ప్రతి దసరాకీ పూసిన పసుపు కుంకుమలు, ఎగిరిపడ్డ పాకపు చుక్కలు కలిసి అట్ట కట్టేసేయి. బావ గోటితో గీకేడు. పోత ఇనుము మీద కొట్టిన నంబరు కనపడింది. జేబులోంచి కారు రేకు మీది నంబరు కాగితం తీసి చూసేడు. రెండూ ఒకటే! బావ గంతేసేడు. ఇంజనుకి కాళ్ళుంటే సాష్టాంగ పడిపోవును.

"అత్తా, ఇది నాకు కావాలి. ప్రదర్శన అయ్యేదాకా."

"మా అయ్య నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన గానుగరా ఇది. సెరుకు కొట్టించేసేను, అదుగో కుప్ప. ఇంజను నువ్వట్టుకుపోతే రసం ఎవులు తీత్తారు?"

"ఈ సాయంత్రమే కొత్త కరెంటు మోటారు పంపిస్తాను. ఒట్టు!"

"కొట్టిన సెరుకు ఎండకి ఆగదురా. పులిసిపోద్ది. ఏడాది కట్టమంతా ఆ కుప్పలోనే ఉంది."

"నీ మేనల్లుడి మీద నీకా మాత్రం నమ్మకం లేదా అత్తా?"

తలుపులమ్మ వాడి మొహంలోకి చూసింది. ఎన్నో ఏళ్ళకి విన్న పిలుపు కదా, కరిగిపోయింది. "అత్తా అన్నావు. తీసుకుపో" అంది. బావ అప్పటికే మసి అంటిన వేళ్ళని నా చొక్కాకి తుడుస్తున్నాడు.

మోటారు కొన్నాడండీ, అబద్ధం చెప్పకూడదు. కోటవురట్ల మాత్రం వెళ్ళలేదు. విండ్సర్ గార్డెన్స్ ముందు ఫౌంటెన్‌కి బిగించేడు! "సంఘం వాళ్ళు ఆ దారినే వస్తారు బావా, నీళ్ళు ఎగరకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు. తలుపులమ్మ నాకు ఫోను చేసింది. "మోటారేది సిన్నబాబూ? సెరుకు వాడిపోతంది." నేను బావకి చెప్పేను. గట్టిగానే చెప్పేను, తిట్టేను కూడా. "దారిలో ఉందని చెప్పు" అన్నాడు. నిజమే, ఫౌంటెన్ దారిలోనే ఉంది.

ఇక ఇంజను సంగతి. షెడ్డులో పెట్టగానే బావ మొహం చిట్లించేడు. "పసుపేంటి, కుంకుమేంటి, ఈ జిడ్డేంటి! పల్లెటూరి వాసన ఒక్క చుక్క కూడా మిగలకూడదు" అని మెకానిక్ నానాజీకి హుకుం జారీ చేసేడు.

"పాకం బాగా మాడి అతుక్కుపోయిందండి. గ్రైండరెట్టాలి" అన్నాడు నానాజీ.

"ఏదో ఒకటి పెట్టు! నా మొహం అందులో కనపడాలి."

నానాజీ మాట జవదాటే మనిషి కాదు. ప్రదర్శన రోజు పొద్దున్నే నన్ను పిలిచి చూపించేరు. బావ మొహం అందులో కనపడింది, పైపుతో సహా.

కాలేజీ గ్రౌండులో షామియానా వేసేరు. సంఘం అధ్యక్షుడు త్రినాథ్ గారు తెల్ల చేతి తొడుగులు వేసుకుని, భూతద్దం, టార్చి పట్టుకుని వచ్చేరు. ఆయనది మామూలు తెలుగు కాదు, సగం నియమావళే.

"దీపములు: స్వచ్ఛము. ద్వారములు: స్వచ్ఛము. ఆసనముల చట్రము: స్వచ్ఛము." సీటు కింద వెతికి ఒక ఈక పైకెత్తేరు. "ఇది?"

"దొరగారి టోపీదండీ!" అన్నాడు బావ తడుముకోకుండా.

"ఈక: పరిశీలనలో గలదు. తదుపరి, యంత్రము." భూతద్దం వంచేరు. ఇటు చూసేరు, అటు చూసేరు, వేలితో తడిమేరు. "నంబరేదండీ?"

బావ వంగేడు. నంబరు ఉండవలసిన చోట ఆయన మొహమే ఉంది. పసుపుతో పాటు నంబరూ గ్రైండరు కింద గుండయిపోయింది! "నా మొహం కనపడాలన్నారు కదండీ!" అన్నాడు నానాజీ.

"ఒక్కసారి స్టార్టు చేస్తే తెలిసిపోతుందండీ, ఆ శబ్దమే వేరు!" అని బావ తాళం తిప్పేడు. ఇంజను భేషుగ్గా అందుకుంది. వేడెక్కింది. అంతే! గ్రైండరు దూరని సందుల్లో మిగిలిన పాకం కరిగి షామియానా అంతా ఘుమఘుమలాడిపోయింది. అసలే బెల్లం మార్కెట్టున్న ఊరండీ! మాటలు రాని పిల్లల దగ్గర్నుంచి అందరూ ముక్కులెగరేసేరు.

"లేత పాకం!" అన్నాడొకడు.

"కాదు, ముదురు పాకం. కోటవురట్ల సరుకు!" అన్నాడింకొకడు.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ట్రాక్టరు ఆగింది. తలుపులమ్మ దిగింది. చేతిలో వాడిపోయిన చెరకు గెడ. "పెసాదూ! నా ఇంజనేదిరా? సగం సెరుకు ఎండిపోయింది!"

జమీందార్ల మనవలు తలలు తిప్పేరు. బావ చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరండీ ఆవిడ?" అన్నారు త్రినాథ్ గారు.

బావ నవ్వేడు. ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది. "మా పొలంలో పనిమనిషండీ. పాపం, కొంచెం తిక్క. రాజావారి కాలం నుంచీ మా ఉప్పు తింటున్నారు."

తలుపులమ్మ నిలబడిపోయింది. చేతిలో గెడ నేల మీద ఆనించింది.

త్రినాథ్ గారు నియమావళి తీసేరు. "నంబరు లేని యంత్రము విషయమున, దానిని ఆదినుంచి కాపాడిన కుటుంబ సభ్యుడు నోటిమాటగా ధ్రువీకరించవలెను. లేనిచో ఆ భాగమును ప్రదర్శనా స్థలమునందే విప్పి, హక్కుదారునకు అప్పగించవలెను. మీ ఇంట అట్టివారు గలరా?"

బావ బుర్ర గిర్రున తిరిగింది. అట్టివారు గలరు! ప్రపంచం మొత్తానికి ఒక్కరే గలరు!

"ఉన్నారండీ! ఈవిడేనండీ! మా మేనత్త! నాన్నగారి స్వయానా చెల్లెలు! నన్ను ఎత్తుకుని పెంచింది! అత్తా, చెప్పత్తా! ఈ ఇంజను తాతగారి కారుదేనని ఒక్క మాట చెప్పు!"

"ఇందాక పనిమనిషి అన్నారే?" అన్నారు త్రినాథ్ గారు. "అమ్మా, మీరు చెప్పండి. ఈయన మీ మేనల్లుడా?"

తలుపులమ్మ షామియానాలోనూ బావ కట్టించిన అలాంటి ఫ్లెక్సీ కేసి చూసింది, బావ కేసి చూసింది.

"మా అయ్య సింహాచలం బెల్లం వండుకునీవోడు బాబూ. సేతులు కాలిపోయి మచ్చలుండీవి. ఈయన తాత రాజంట, పులిని కొట్టేడంట, ఊరంతా సెప్పేరు. మా అయ్య మేకని కూడా కొట్టలేదు. ఆ రాజూ మా అయ్యా ఒకలెలాగవుతారు? ఈయన తాత ఎవులో నాకు తెలవదు. ఈ ఇంజను మాత్తరం మా గానుగది. మా అయ్య నాకిచ్చింది."

"అత్తా!" అన్నాడు బావ. పైపు కింద పడింది.

"నాను పనిమనిసిని బాబూ" అంది తలుపులమ్మ. తల వంచలేదు. "తమరే సెలవిచ్చేరు కదా."

త్రినాథ్ గారు కలం తీసి, "యంత్రము: చెరకు గానుగది. కారుతో సంబంధము లేదు" అని పైకి చదువుతూ రాసేరు. నానాజీ మాట జవదాటే మనిషి కాదని చెప్పేను కదా. అక్కడికక్కడే విప్పి ట్రాక్టరెక్కించేడు. కారుని నలుగురు తోసుకుంటూ ఇంటికి తీసుకుపోయేరు. స్టీరింగు దగ్గర బావ టోపీ దించుకుని కూర్చున్నాడు. దారిలో ఫౌంటెన్ మాత్రం బ్రహ్మాండంగా ఎగురుతోంది.

తర్వాత నేను గానుగకి వెళ్ళేను. సగం చెరకు పొయ్యిలోకే పోయింది. మిగతాది ఆడుతోంది. తలుపులమ్మ అద్దంలాంటి ఇంజనుకి మళ్ళీ పసుపు పూస్తోంది. వచ్చేటప్పుడు కొత్త బెల్లం దిమ్మ ఒకటి అరిటాకులో చుట్టి నా చేతిలో పెట్టింది. "పెసాదుకియ్యి. ఎవులిచ్చేరంటే పనిమనిసి పంపిందని సెప్పు" అంది.

బావ షెడ్డులో ఇంజను లేని కారులో కూర్చుని ఉన్నాడు. ఆకు విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి, నా కళ్ళతో చూసేను. అంతలో గేటు దగ్గర ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు హారను కొట్టేరు. బావ చటుక్కున దిమ్మని డాష్‌బోర్డు పెట్టెలో పెట్టి మూసేసి, మూతి తుడుచుకుని, పైపు నోట్లో పెట్టుకున్నాడు.

"పాతకాలపు దొరలు ఇంజను వాడేవారు కాదండీ, శబ్దం నచ్చేది కాదు" అంటూ దిగేడు.

నేను సర్వేయర్ని కదా, రిపోర్టు రాయకుండా ఉండలేను. ఆ దిమ్మ మీద నంబరేమీ లేదు. అయినా వాసన చూసి చెప్పగలను, ఆ బండి మొత్తంలో అసలు సరుకు అదొక్కటే.